ఆరు గడుల జాబితా

పోయిన ఆదివారం సాయంత్రం మా ముందుగదిలో ఉన్నవారు: నేను, మా అమ్మాయి కొడుకు, వాడి తరగతి స్నేహితులు ఇద్దరు. ఉన్నవి: ఒక టీవీ, స్టీలు పళ్ళెంలో సగం మిగిలిన పకోడీలు, ఒక నోటుపుస్తకం, ఒక స్కేలు, మూడు బాల్‌పెన్నులు. వాటిలో ఒకటి రాయదు. టీవీలో ఏదో విదేశీ కుస్తీ కంపెనీ తన దగ్గరున్న వస్తాదులందరినీ రెండు జట్లుగా పంచుతోంది. ఇక మీదట ఒక జట్టు ఒక కార్యక్రమంలోనూ, రెండో జట్టు ఇంకో కార్యక్రమంలోనూ మాత్రమే కనబడుతుందట. పిల్లలు ముగ్గురూ పేజీ మధ్యలో నిలువుగీత గీసి, కంపెనీవాళ్ళకంటే ముందే తామే పంచేయాలని కూర్చుని, మొదటి రెండు పేర్ల దగ్గరే దెబ్బలాడుకున్నారు. ఆ ఇద్దరు వస్తాదులూ ఏళ్ళ తరబడి ఒకరితో ఒకరు తలపడుతున్న బద్ధశత్రువులట. మావాడు గట్టిగా, వీళ్ళిద్దర్నీ విడదీసేస్తే రెండు షోలకీ చెరొక పెద్దోడు ఉంటాడు కదా అన్నాడు. అని, తాతా, లిస్టులు రాయడంలో నీ తరవాతే ఎవరైనా, నువ్వు రాయి అని పెన్ను నా చేతిలో పెట్టాడు.

గీత కిందికంటా పొడిగించాను. మొదటి పేరు రాయలేకపోయాను. కళ్ళజోడు సరిగ్గా ఆనడం లేదని చెప్పి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. వాళ్ళు నమ్మారు.

మీలో నా వయసువారు ఉంటే, మన విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల్లో అరవైల చివరి రోజుల్లో ఊరూరా తిరిగిన కుస్తీ కంపెనీలు గుర్తుండే ఉంటాయి. పంటలు ఇంటికి చేరాక, ఒంటెద్దు బండికి మైకు కట్టి, బండికి అటూ ఇటూ వస్తాదుల బొమ్మలు వేసిన గుడ్డలు వేలాడదీసి, నేడే చూడండి అని వీధులన్నీ తిరిగే బండి వెనక పరుగెత్తినవారు కూడా మీలో ఉండవచ్చు. ఆ మైకు, ఆ బ్యాటరీ, సాయంత్రం గుడారంలో వెలిగిన లైట్లు, వాటికి కరెంటు ఇచ్చిన జనరేటరు, రెండున్నర సీజన్ల పాటు నా చేతి కింద ఉండేవి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లమా మొదటి శ్రేణిలో పూర్తిచేసి, ఎనిమిది నెలల్లో నలభై ఒక్క దరఖాస్తులు పంపి, ప్రతిదానికీ నకలూ తేదీ ఒక పుస్తకంలో ఎక్కించుకుంటూ ఇంట్లో కూర్చున్న నన్ను, మా మేనమామ పిలిచి పనిలో పెట్టుకున్నాడు. మా మావయ్యవాళ్ళది బెల్లం వ్యాపారం. ఆయన మాత్రం దుకాణం తమ్ముడికి వదిలేసి, చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చితో పధ్నాలుగు మంది వస్తాదులను పోగుచేసి కంపెనీ పెట్టాడు.

నేను చేరిన మొదటి వారంలోనే సామానంతా లెక్క రాసేశాను. రింగు పద్ధెనిమిది అడుగుల చదరం. కింద పదహారు ఖాళీ తారు డ్రమ్ములు, వాటి మీద బల్లలు, బల్లల మీద నాలుగంగుళాల మందాన వరి ఊక, ఊక మీద గోనెపట్టాలు, అన్నిటి పైనా బిగించి కట్టిన టార్పాలిన్. నాలుగు మూలలా స్తంభాలు, గుడ్డ చుట్టిన కొబ్బరితాళ్ళు మూడు వరసలు. పైన నాలుగు పెద్ద బల్బులు, ఇవి కాక ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి ఫోకసు లైట్లు. చివరి కుస్తీ అంతా ఫోకసులు రెండూ వెలుగుతూనే ఉంటాయి, చివరి విసురు ఎటు పడుతుందో అటువైపు ఫోకసుని పడినవాడి మీదికి తిప్పి పట్టుకోవడం నా పని. అందుకోసమే ఒక నోటుపుస్తకం పెట్టి, ప్రతి ఆటకీ ఊరి పేరు, చివరి కుస్తీ ఎన్ని నిమిషాలు సాగింది, విసురు ఎటు పడింది అని మూడు గడులు గీసుకుని రాసుకునేవాణ్ణి. నన్నెవరూ రాయమనలేదు. రాయకపోతే నాకు అన్నం సయించేది కాదు.

ఆ చివరి కుస్తీ ఎప్పుడూ ఇద్దరిదే. ఒకాయన మా కంపెనీకి పెద్ద వస్తాదు. నల్లగా, నిలువెత్తు మనిషి, బరిలోకి దిగుతూ ముందుగా నేలకి దణ్ణం పెట్టేవాడు, ఆడవాళ్ళ వైపు తలెత్తి చూసేవాడు కాదు, జనానికి దేవుడు. రెండో ఆయన నల్ల ముసుగు వేసుకుని వచ్చేవాడు. రిఫరీ చెయ్యి కలపమంటే పెద్ద వస్తాదు చేతిని విదిలించి కొట్టేవాడు, కళ్ళలో ఇసక చల్లేవాడు, వెనకనుంచి మోచేత్తో పొడిచేవాడు. జనం అరటితొక్కలు, వేరుశనగ పొట్టు, ఒకసారి నెల్లిమర్లలో ఒక చెప్పు కూడా విసిరారు. పదిహేను పదహారు నిమిషాలు ఇలా ఏడిపించాక, పెద్ద వస్తాదు ఓర్పు నశించినట్టు గర్జించి, ముసుగాయన్ని అమాంతం భుజాల మీదికి ఎత్తి, గిర్రున తిరిగి ఒక పక్కకి విసిరేవాడు. గుడారం లేచిపోయేది.

ఇదంతా కట్టుకథేనని ఇప్పటి పిల్లలకి చెప్పనక్కరలేదు. అప్పట్లో చెప్పకూడదు. ఆ ఇద్దరూ తోడల్లుళ్ళని, చీపురుపల్లి దగ్గర పల్లెలో ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళను చేసుకున్నారని కంపెనీ బయట ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆట చచ్చిపోతుందని మా మావయ్య భయం. అందుకని రైల్లో ఒకరు ముందు పెట్టె, ఒకరు చివరి పెట్టె ఎక్కేవారు. ఒకే దుకాణంలో టీ తాగకూడదు. అత్తవారింటికి వెళ్ళాలన్నా ఒకరు వెళ్ళివచ్చాక మరొకరు వెళ్ళాలి. ముసుగు గుడారంలో పెట్టాలి, గుడారంలోనే విప్పాలి, ప్రాణం పోయినా జనంలో తియ్యకూడదు. బయట ఇంత శత్రుత్వం పాటించి, లోపల మాత్రం ఇద్దరూ ఒకే కంచంలో గంజన్నం కలుపుకు తినేవారు. రింగులోకి వెళ్ళేముందు ముసుగాయనకి ముసుగు తొడిగి, వెనక తాళ్ళు కట్టేది పెద్ద వస్తాదే. కట్టే ముందు ఆయన మెడ వెనక కుడివైపు బొటనవేలితో ఒకసారి మెల్లగా తడిమి చూసేవాడు. రోజూ చూశాను. ప్రేమ అనుకున్నాను.

నేను చేరిన రెండో సీజన్లో, పార్వతీపురంలో, ఆట మధ్యలో ఎడమ ఫోకసు ఆరిపోయింది. నేను తాళ్ళ దగ్గరికి పరుగెత్తి, ఈ పూటకి కుడివైపు వెయ్యి మావా అని పెద్ద వస్తాదుకి చెప్పాను. ఆయన తల ఊపాడు. ఊపి, ముసుగాయన్ని ఎత్తి, తిరిగి, చీకటిగా ఉన్న ఎడమవైపుకే విసిరాడు. జనానికి సరిగ్గా కనబడలేదు, వెనకవాళ్ళు ఈలలు వేశారు. నాకు ఒళ్ళు మండి, చెప్పిన మాట వినడు అని నోటుపుస్తకంలో ఎర్రసిరాతో రాసుకున్నాను.

మూడో సీజను మొదలయ్యే ముందు మా మావయ్యకి ఒక ఆలోచన వచ్చింది. విజయనగరం స్టేషను దగ్గర రైలుపట్టా రెండుగా చీలుతుంది కదా, ఒకటి చీపురుపల్లి, పొందూరు మీదుగా పలాస వైపు, ఇంకొకటి బొబ్బిలి, పార్వతీపురం వైపు. వానలు పడేలోగా ఒక జట్టు ఒక లైనే పూర్తి చేయగలదు, ఏటా ఒక లైను మిగిలిపోతోంది. కంపెనీని రెండుగా చేస్తే రెండు లైన్లూ ఒకేసారి తిరగొచ్చు. ఆ పంపకం చెయ్యమని నాకు చెప్పాడు. చదువుకున్నవాడివి, పక్షపాతం లేనివాడివి అన్నాడు. నాకు ఇరవైమూడేళ్ళు. అంతకంటే మంచి మాట అప్పటివరకూ నాతో ఎవరూ అనలేదు.

నాలుగు రోజులు కూర్చుని జాబితా తయారుచేశాను. పధ్నాలుగు పేర్లు, పేరుకి ఆరు గడులు: బరువు, ఎత్తు, వయసు, ఎన్ని నిమిషాలు అలవకుండా ఆడగలడు, రింగులో మంచివాడా చెడ్డవాడా, జనం ఎంత గట్టిగా కేకలు వేస్తారు. కేకలకి కొలత లేదు కాబట్టి ఒకటి నుంచి ఐదు వరకు నా చెవిని బట్టి అంకెలు వేశాను. ఐదు పడింది ఇద్దరికే. పెద్ద వస్తాదుకి ఒక ఐదు, ముసుగాయనకి ఒక ఐదు. మీరైనా ఏం చేస్తారు? ఒక ఐదు ఇటు, ఒక ఐదు అటు. పెద్ద వస్తాదుని బొబ్బిలి లైనుకి వేసి, ఆయనకి ఎదురు, తలపాగా చుట్టి పంజాబు వస్తాదుగా దిగే సాలూరు ఆయన్ని పెట్టాను. ముసుగాయన్ని పలాస లైనుకి వేసి, ఆయన్ని ఓడించడానికి పర్లాకిమిడి నుంచి వచ్చి మా దగ్గర చేరిన అన్నదమ్ముల్లో చిన్నవాణ్ణి పెట్టాను. అతనికి ఇరవైనాలుగేళ్ళు, చూడముచ్చటైన మనిషి, కేకలు మూడు, పెరిగే అవకాశం ఉంది అని పక్కన రాశాను. రెండు జట్ల బరువు కూడితే తేడా తొమ్మిది పౌన్లు. రెండో రింగుకని మావయ్య కొన్న సామానుతో కలిపి డ్రమ్ములు, తాళ్ళు, ఫోకసు లైట్లకి అదనంగా ఉంచిన మూడు బల్బులు కూడా పంచాను. బల్బుల్లో రెండు బొబ్బిలి లైనుకి, ఒకటి పలాస లైనుకి.

జాబితా గుడారం కర్రకి అంటించిన రోజు మధ్యాహ్నం నేను జనరేటరు విప్పుకుని కూర్చుని ఉండగా పెద్ద వస్తాదు వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక నట్టు తీసి చేతిలో తిప్పసాగాడు.

"ఒరే బాబూ, మమ్మల్నిద్దర్నీ ఒక్క సోటే ఉంచీరా."

"ఎందుకు మావా?"

"ఎందుకేటి, అలవాటురా. పదకొండేళ్ళు అయ్యింది."

"ఇద్దరూ ఒకచోటే ఉంటే రెండో లైనుకి జనం రారు మావా. మావయ్య ఒప్పుకోడు."

"అది కాదురా. ఆడు నాకు తమ్ముడు లాటోడు. ఆడి ఒళ్ళు నాకు తెల్సు, నా ఒళ్ళు ఆడికి తెల్సు. ఇంకోడికి తెల్దు."

"నేర్పుతారు కదా, తెలుస్తుంది. కారణం ఏదైనా ఉంటే చెప్పు, రాస్తాను. అలవాటుకి గడి లేదు."

నవ్వుతూనే అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, చెప్పబోయి, దూరంగా గుడారం నీడలో పడుకుని ఎవరినో ఆటపట్టిస్తున్న ముసుగాయన వైపు చూసి, నోరు మూసుకున్నాడు. నట్టు నా చేతిలో పెట్టి, "సదూకున్నోడివి, నీకే తెలస్తాదిలే" అని లేచిపోయాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదని తరవాత ఎన్నోసార్లు అనుకున్నాను.

నేను పలాస లైను జట్టుతో వెళ్ళాను. ముసుగు తాళ్ళు కట్టడానికి ఇప్పుడు పెద్ద వస్తాదు లేడు కాబట్టి ఆ పని నేను చేశాను. మొదటి రోజు బిగించి కడుతుంటే ముసుగాయన ఒక్కసారి బిగుసుకుపోయాడు. నా వేలికి మెడ వెనక కుడివైపున రేగిపండంత గట్టి బుడిపె తగిలింది. ఏమిటి మావా అంటే, "మా ఆవిడి కొట్టిందిరా, అందుకే ముసుగేసుకుని తిరగతన్నాను" అన్నాడు. అక్కడున్నవాళ్ళందరం నవ్వాము. ఆయన మాటతీరే అంత. రింగులో ఊరంతా అసహ్యించుకునే ఆ మనిషి బయట ఉంటే ఎవరికీ నవ్వక తప్పేది కాదు. వంటవాడికి పాటలు పాడి వినిపించి, అదనంగా గుడ్డు వేయించుకునేవాడు.

పర్లాకిమిడి కుర్రాడికి ఆ చివరి ఎత్తు నేర్పింది కూడా ముసుగాయనే. ఎత్తడం, తిరగడం, విసరడం. విసిరేది మాత్రం ఎడమకే అన్నాడు. ఎడమకి వేస్తే ఎడమ భుజం మీద పడతాను, కుడికి వేస్తే కుడి భుజం మీద, నాకు ఎడమ అలవాటు అన్నాడు. కుర్రాడు అలాగే చేశాడు. పొందూరు, నరసన్నపేట, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం, తిరిగి వస్తూ మరో మూడు ఊళ్ళు, మొత్తం తొమ్మిది ఆటలు. తొమ్మిదీ ఎడమ. కుర్రాడి కేకలు మూడు నుంచి నాలుగుకి పెరిగాయి. నా జాబితా సరైనదేనని ఆనందించి, మా మావయ్యకి ఉత్తరం కూడా రాశాను.

పదో ఆట చీపురుపల్లిలో. స్టేషనుకి దగ్గరలో ఖాళీ స్థలం, సాయంత్రం ఆరున్నరకి మొదలు, గరివిడి కార్ఖానా నుంచి షిఫ్టు దిగినవాళ్ళు కూడా వచ్చి గుడారం నిండిపోయింది. ఊరు అత్తవారి ఊరికి దగ్గర కాబట్టి, ఆ జనంలో ముసుగాయన బావమరిది కూడా కూర్చుని, ఎవరికీ అనుమానం రాకుండా అందరితో పాటు బావని తిడుతున్నాడు. చివరి కుస్తీ పదో నిమిషంలో ఎడమ ఫోకసు టప్పుమని పేలింది. మా వంతుకి వచ్చిన ఒక్క అదనపు బల్బూ టెక్కలిలోనే అయిపోయింది. మిగతా రెండూ బొబ్బిలి లైనులో ఉన్నాయి.

తాళ్ళ దగ్గరికి వెళ్ళి, కుర్రాడు మూలకి వచ్చినప్పుడు చెప్పాను. ఈ పూటకి కుడిపక్కకి వెయ్యి.

"మావ ఎడమకే ఎయ్యమన్నాడు కదేటి?"

"అటు లైటు లేదు. చీకట్లో వేస్తే ఎవడికి కనబడతాది?"

"మావకి సెప్పాలి కదా!"

"ఎలా చెప్తావు, ఇంతమందిలో? నువ్వు వెయ్యి, ఆయన చూసుకుంటాడు."

పెద్ద వస్తాదు అయితే తల ఊపి, చీకట్లోకే విసిరేవాడు. ఈ కుర్రాడు బుద్ధిమంతుడు. చెప్పిన మాట విన్నాడు. ముసుగాయన్ని ఎత్తాడు, తిరిగాడు. తిరుగుడు ఎటు మళ్ళిందో పైన ఉన్న మనిషికి తెలిసిపోయింది. ముసుగులో నోటి దగ్గర ఉన్న చీలిక కదలడం నాకు కనిపించింది. మాట వినబడలేదు. ఏమన్నాడో తరవాత కుర్రాడు చెప్పాడు. "ఇటు కాదురా నాయనా" అన్నాడట. అప్పటికి విసురు ఆగే దశ దాటిపోయింది. నేను కుడి ఫోకసు తిప్పి పట్టుకున్నాను. లైటు సరిగ్గా ఆయన మీదే పడింది.

జనం లేచి నిలబడ్డారు. తువ్వాళ్ళు గాలిలోకి ఎగిరాయి. ముసుగాయన కదలకపోవడం చూసి ఇంకా గట్టిగా కేకలు వేశారు. అన్ని ఊళ్ళలోనూ నేను విన్న కేకల్లో అవే పెద్దవి. నా కొలతలో ఐదు దాటిపోయేవి. కుర్రాడు చేతులెత్తి దణ్ణం పెట్టాలి, అది ఆటలో భాగం. పెట్టాడు. చేతులు దించి నా వైపు చూశాడు. రిఫరీ వంగి చూసి, గంట కొట్టించి, బల్ల తెప్పించాడు. బల్ల మీద వేసి మోసుకువెళుతుంటే ఒక పెద్దాయన ఆయన మీద ఉమ్మేసి, తగిన శాస్తి జరిగిందన్నాడు. బావమరిది మా వెనకే, పైకి తిడుతూ, ముఖమంతా తడిసిపోయి పరుగెత్తి వచ్చాడు.

బియ్యం లారీ ఒకటి విజయనగరం వెళుతుంటే ఆపి ఎక్కించాము. నేనేం చేశానో కూడా రాయాలి. లారీ ఎక్కేలోపు రింగు కిందికి దూరి, బల్లలు చూసి, పైకి వచ్చి టార్పాలిన్ ఒక మూల విప్పి, పడిన చోట స్కేలు గుచ్చి ఊక మందం కొలిచాను. నాలుగంగుళాలు. ఇంకో మూడుచోట్ల కొలిచాను. నాలుగంగుళాలు. సామానులో తప్పేమీ లేదు. లారీలో, ఊరు దాటి రైలుగేటు దాటేవరకు ముసుగు తియ్యలేదు. నిబంధన అది, ఎవరూ తీయమనలేదు, నేను కూడా అనలేదు. గేటు దాటాక తాళ్ళు నేనే విప్పాను. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. "బాబూ, కాళ్ళ మీద ఎవులైనా కూకున్నారేటి?" అని అడిగాడు. ఎవరూ కూర్చోలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి తంతి అందుకుని పెద్ద వస్తాదు బొబ్బిలి నుంచి వచ్చాడు. ఆస్పత్రి వరండాలో నా ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడనుకున్నాను. ఒక్కటే అడిగాడు.

"ఏ పక్కకి ఏసినాడు?"

"కుడికి."

ఆయన గోడవారగా కింద కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. ఆరేళ్ళ కిందట, నేను చేరడానికి ముందు, రింగు అంచు మీంచి పడి ముసుగాయన మెడ ఎముకకి కుడివైపు పగులు వచ్చింది. అటువైపు మరో దెబ్బ తగిలితే బతికినా బతకనట్టేనని, కుస్తీ మానెయ్యమని డాక్టరు చెప్పాడు. మానేస్తే చేసేందుకు వేరే పని రాదు. ఇంట్లో తినేవాళ్ళు ఆరుగురు. మా మావయ్యకి తెలిస్తే పాపమంటూనే పంపించేస్తాడు. అందుకని ఎవరికీ, ఆఖరికి పెళ్ళాలకి కూడా చెప్పకూడదని తోడల్లుళ్ళిద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి పెద్ద వస్తాదు ఆయన్ని ఎడమకి తప్ప వెయ్యలేదు.

"నాకైనా చెప్పాల్సింది మావా" అన్నాను. అనకూడని మాట.

"సెప్తే ఆడి కూడు పోతాది. సెప్పకపోతే ఆడే పోతాడు. నాను తూకం తప్పేను బాబూ" అన్నాడు. తప్పు తన మీద వేసుకున్నాడు. ఆయన భార్య చెల్లెలు, అంటే ముసుగాయన భార్య, వరండా చివర కూర్చుని ఉంది. నన్ను దగ్గరికి పిలిచి, ఏమీ తినలేదు కదా అని పొట్లంలోని అటుకులు నా దోసిట్లో పోసి, "నువ్వేటి సేస్తావు, నీకెవులు సెప్పినారు గనక" అంది. ఆ అటుకులు తిన్నానో పారబోశానో, అన్నీ రాసుకునే నాకు, అదొక్కటి గుర్తులేదు.

ముసుగాయన మెడ కింద నుంచి కదలిక లేకుండా నాలుగేళ్ళు బతికాడు. కంపెనీ ఆ వేసవిలోనే మూసేశారు. పర్లాకిమిడి కుర్రాడు మళ్ళీ బరిలో దిగలేదు, వాళ్ళ ఊళ్ళో ఏదో చిన్న దుకాణం పెట్టుకున్నాడని విన్నాను. పెద్ద వస్తాదు కుస్తీలు మానేసి, చీపురుపల్లి దగ్గర అత్తవారి పల్లెకే వచ్చి ఉండిపోయి, ముసుగాయన్ని పూటకి ఇన్నిసార్లని మంచం మీద తిప్పి పడుకోబెట్టేవాడు. ఇక దాచవలసింది ఏమీ లేదు కాబట్టి ఇద్దరూ ఒకే ఇంట్లో, అందరూ చూస్తుండగా ఉన్నారు. నాకు కరెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చాక మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళినప్పుడు ముసుగాయన నన్ను చూసి, "ఏటి బాబూ, లిస్టు తెచ్చినావా? ఈసారి నన్ను ఏ లైనుకి ఏస్తావు?" అని నవ్వాడు. నిజంగా నవ్వాడు, ఎత్తిపొడుపు కాదు. పెద్ద వస్తాదు ఆయన నడుం కింద చేతులు పెట్టి, ఒకప్పుడు జనం ముందు ఎత్తినంత జాగ్రత్తగానే ఎత్తి, మెల్లగా ఎడమవైపుకి తిప్పాడు. నేను బయటికి వచ్చేశాను. నాలుగోసారి వెళదామనుకునేసరికి, వెళ్ళవలసిన పని లేదని కబురు వచ్చింది.

ముప్పై నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను. లైన్‌మన్‌లని ఎన్నోసార్లు సెక్షన్ల వారీగా పంచాను. ప్రతి జాబితాలోనూ చివర ఒక గడి ఖాళీగా, శీర్షిక లేకుండా వదిలేవాణ్ణి. ఎవరైనా వచ్చి ఫలానావాడితోనే వేయండి సార్ అంటే, కారణం అడగకుండా ఆ గడిలో టిక్కు పెట్టేవాణ్ణి. పై అధికారులు నవ్వుకునేవారు. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో నాకు తెలియదు. జరిగినా అది పోయిన దాన్ని పూడ్చదు.

ఇప్పుడు కాలం మారింది. టీవీలో ఆ విదేశీ వస్తాదులకి డాక్టర్లున్నారు, ఎవరి మెడకి ఏ దెబ్బ తగిలిందో, ఎన్ని నెలలు విశ్రాంతో మా మనవడు ఫోన్లో చూసి చెబుతాడు. శత్రువులు బయట స్నేహితులేనని పిల్లలకి కూడా తెలుసు, తెలిసే కేకలు వేస్తారు. దాచుకోవలసిన అవసరం లేకపోవడం మంచిదే. కాని లోకం ముందు ఒకణ్ణి రోజూ నేలకేసి కొడుతూ, వాడికి దెబ్బ తగలకుండా ఆరేళ్ళు కాపాడిన మనిషి ఒకడు ఉండేవాడని, వాళ్ళిద్దరి మధ్య ఒక చదువుకున్నవాడు స్కేలు పెట్టి గీత గీశాడని వరండాలో కూర్చుని ఎవరికి చెప్పను? లోపల పిల్లల పంపకం పూర్తయింది. ఆ ఇద్దరినీ విడదీసేశారని కేకల్ని బట్టి తెలిసింది.

నోటుపుస్తకం ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజున మొదటిసారి దాన్ని మొదటి పేజీ నుంచి తిరగేసి, విసురు ఎటు పడింది అనే గడిని మాత్రం లెక్కగట్టాను. అంతకు ముందు ఎప్పుడూ లెక్కగట్టలేదు. రెండున్నర సీజన్లు, నా చేతిరాతే. ముసుగాయన ఆడిన కుస్తీలు నూట యాభైమూడు. ఎడమ నూట యాభైరెండు. కుడి ఒకటి.